రన్‌వే మీద ఆ తొంభై సెకన్లు మాకు తెలుగులో చెప్పండి

కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి, పౌర విమానయాన డైరెక్టర్ జనరల్ గారికి, తెలుగు రాష్ట్రాల నుంచి విమానాలు నడిపే సంస్థల యాజమాన్యాలకు బహిరంగ లేఖ

విషయం: విమానంలో యంత్రలోపం తలెత్తినప్పుడు ప్రాణాలతో బయటపడే పద్ధతిని తెలుగు ప్రయాణికులకు తెలుగులో చెప్పించడం గురించి.

అయ్యా,

నమస్కారం. నేను జగిత్యాల జిల్లాలో ముప్పై ఒక్క ఏళ్లు తెలుగు ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా బడిలో చదివిన పిల్లల్లో ఎంతోమంది ఇవాళ దుబాయిలో, మస్కట్‌లో, దోహాలో మేస్త్రీలుగా, డ్రైవర్లుగా, ఇళ్లలో పనివాళ్లుగా బతుకుతున్నారు. రెండేళ్లకో మూడేళ్లకో విమానమెక్కి ఊరికి వస్తారు. సెలవు అయిపోగానే మళ్లీ విమానమెక్కుతారు. అందులో ప్రమాదం జరిగితే, అందరూ బయటపడవలసిన ఆ తొంభై సెకన్లలో ఏం చేయాలో మాత్రం వాళ్లకు అర్థమయ్యే మాటల్లో ఎవరూ చెప్పలేదు. ఈ లేఖ రాయడానికి కారణం అదే.

గత సంవత్సరం మా అబ్బాయి దగ్గర రెండు నెలలు ఉండి, గల్ఫ్ నుంచి హైదరాబాదుకు తిరిగి వస్తున్నాను. నా సీటు రెక్క మీది తలుపుకు రెండు వరుసల వెనక. పక్కన కోరుట్ల వైపు అబ్బాయి, ఇరవై ఆరేళ్లుంటాయి. మూడేళ్ల తర్వాత ఇంటికి వెళ్తున్నాడు. చెల్లెలి పెళ్లికి తెచ్చిన గొలుసు చొక్కా జేబులో పెట్టుకుని, ఐదు నిమిషాలకొకసారి తడిమి చూసుకుంటున్నాడు. విమానం రన్‌వే మీద పరుగందుకుంది. ఇంకాసేపట్లో లేస్తుందనగా ఎడమవైపు నుంచి పెద్ద చప్పుడైంది. కాళ్ల కింద నేల అదిరింది. వెంటనే బ్రేకులు పడ్డాయి. నా నుదురు ముందు సీటుకు కొట్టుకుంది. విమానం ఆగేసరికి లోపలంతా కాలిన రబ్బరు వాసన.

పైలట్ ఇంగ్లీషులో ఏదో చెప్పారు. సిబ్బంది హిందీలో ఏదో చెప్పారు. అప్పటికే సగం మంది లేచి నిలబడ్డారు. తల పైనున్న సామాన్ల అరలు తెరుచుకున్నాయి. ఒక సంచి ఎవరి భుజం మీదో పడింది. చంటిపిల్లలు ఏడుస్తున్నారు. పక్క అబ్బాయి నా చెయ్యి పట్టుకుని, "అమ్మా, దిగమంటున్నారా, కూర్చోమంటున్నారా?" అని అడిగాడు. నాకు ఇంగ్లీషు చదవడం వచ్చు. కానీ ఆ గోలలో, ఆ యాసలో, ఆ భయంలో నాకూ అర్థం కాలేదు. నాకు తెలియదు నాయనా అన్నాను. ఉపాధ్యాయురాలిగా ఆ మాట అనడానికి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. ఆ రోజు మాత్రం భయపడ్డాను.

మాకు రెండు వరుసల ముందు, రెక్క మీది తలుపు పక్కన కూర్చున్న పెద్దాయన దాని పిడి మీద చెయ్యి వేశాడు. ఆ వైపు ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది. ఎయిర్‌హోస్టెస్ ఒకమ్మాయి సీట్ల మధ్య నుంచి పరుగెత్తుకొచ్చి ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. ఆ అమ్మాయి రెండు క్షణాలు ఆలస్యమై ఉంటే ఆయనా, ఆయన వెనక దూకేవాళ్లూ ఏమయ్యేవారో తలచుకుంటే ఈ రోజుకీ నాకు ఒళ్లు జలదరిస్తుంది.

ఎవరికీ ఏమీ కాలేదు. నలభై నిమిషాల తర్వాత నిచ్చెన వేసి దించారు. పదకొండు గంటలు హాలులో కూర్చోబెట్టి వేరే విమానమెక్కించారు. ఏమైందని అడిగితే "సాంకేతిక లోపం" అన్నారు. ఊరికి వచ్చాక ఆ విమానయాన సంస్థకు రెండుసార్లు, ఒక కార్యాలయానికి ఒకసారి ఉత్తరం రాశాను. అడిగినవి రెండే సంగతులు. ఏ భాగం చెడిపోయింది? మాకు అర్థమయ్యే భాషలో ఎందుకు చెప్పలేదు? కార్యాలయం నుంచి జవాబు లేదు. సంస్థ మాత్రం అసౌకర్యానికి చింతిస్తున్నామంటూ తర్వాతి ప్రయాణంలో వాడుకోవడానికి రాయితీ కూపను పంపింది. నేను రాయితీ అడగలేదు. అందుకే ఇప్పుడు అందరి ముందూ అడుగుతున్నాను.

ఆ తర్వాత ఇలాంటి ప్రమాదాల గురించి చదవడం మొదలుపెట్టాను. నన్ను నిద్రపోనివ్వనిది ఇంగ్లండులోని మాంచెస్టర్ విమానాశ్రయంలో 1985 ఆగస్టు 22 ఉదయం జరిగినది. బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ వారి బోయింగ్ 737. సెలవులు గడపడానికి గ్రీసు దేశపు కోర్ఫూ దీవికి వెళ్తున్న 131 మంది ప్రయాణికులు, ఆరుగురు సిబ్బంది. టేకాఫ్ పరుగు మొదలైన 36 సెకన్లకు ఎడమ ఇంజను పగిలింది. ఆ రకం ఇంజనులో ఇంధనం మండే డబ్బాలు తొమ్మిది ఉంటాయి. తొమ్మిదో డబ్బా బద్దలై, దాని ముక్క ఎగిరి రెక్క అడుగున ఉన్న ఇంధన ట్యాంకు మూతను పగలగొట్టింది. ఆ డబ్బాకు అంతకుముందే పగుళ్లు వస్తే వెల్డింగు చేసి మళ్లీ వాడుతున్నారు. ఆ ఇంజను వేగం అందుకోవడానికి ఆలస్యం చేస్తోందని లాగ్‌బుక్కులో, అంటే విమానం లోపాలు రాసిపెట్టే పుస్తకంలో, ముందే రాసి ఉంది. ఇంజను తన బాధ తాను చెప్పుకుంది. వినవలసినంతగా ఎవరూ వినలేదు.

చప్పుడు విన్న పైలట్లు టైరు పేలిందేమో అనుకున్నారు. బ్రేకులు మరీ గట్టిగా పడకుండా జాగ్రత్తగా ఆపుతూ, రన్‌వే నుంచి పక్కదారిలోకి మళ్లించారు. ఆ రోజు వీచింది చిన్నపాటి గాలే. విమానం తిరిగి ఆగిన తీరుకు ఆ గాలే మంటను తీసుకొచ్చి విమానం ఒంటి మీదికి తోసింది. నిమిషం తిరక్కుండానే మంట లోపలికి చొచ్చుకొచ్చింది.

ఆ విమానం గాలిలోకి లేవనే లేదు. నేల మీదే ఉంది. అగ్నిమాపక వాహనాలు అదే విమానాశ్రయంలో ఉన్నాయి. అయినా ఇద్దరు సిబ్బందితో కలిపి 55 మంది చనిపోయారు. వారిలో 48 మందిని చంపింది మంట కాదు, పొగ.

ఎందుకు బయటపడలేకపోయారు? దర్యాప్తు నివేదిక చెప్పిన వివరాలు చదువుతుంటే నాకు ఆ పెద్దాయన చెయ్యే కళ్లముందు కదిలింది. కుడి రెక్క మీది తలుపు పక్కన కూర్చున్న ప్రయాణికురాలు దాన్ని తెరవబోయి, మొదట సీటు పక్కన చెయ్యి ఆనించుకునే పట్టీని పట్టుకు లాగింది. ఎక్కడ లాగాలో ఆమెకు తెలియదు. తోటివారి సాయంతో చివరికి తలుపు ఊడింది. దాని బరువు సుమారు 22 కిలోలు. ఊడి లోపలికి, ఆమె మీదే పడింది. విమానం ఆగాక దాదాపు 45 సెకన్లకు గాని ఆ దారి తెరుచుకోలేదు. ముందువైపు కుడి తలుపు మధ్యలో ఇరుక్కుపోయి, 70 సెకన్ల వరకు తెరుచుకోలేదు. వెనక తలుపుల నుంచి ఒక్కరూ ప్రాణాలతో బయటపడలేదు. బతికిన 78 మంది ప్రయాణికులూ మిగిలిన మూడు దారుల గుండానే వచ్చారు. ఒక పిల్లవాణ్ని అగ్నిమాపక సిబ్బంది ఐదున్నర నిమిషాల తర్వాత రెక్క మీది తలుపు దగ్గర నుంచి బయటికి లాగారు. 33 నిమిషాల తర్వాత లోపల ఒక వ్యక్తి కొన ఊపిరితో దొరికాడు. ఆరు రోజులకు ఆసుపత్రిలో చనిపోయాడు.

ఇక్కడ మీరంతా ఒక్క విషయం గమనించాలని నా మనవి. ఆ విమానంలో సూచనలు ప్రయాణికుల సొంత భాషలోనే చెప్పారు. సొంత భాషలో విన్నవాళ్లకే ఆ తలుపు కొరుకుడుపడలేదు. అలాంటప్పుడు తెలియని భాషలో విన్నవాళ్ల గతేమిటి?

మాంచెస్టర్ తర్వాత ఆ దేశం ఊరుకోలేదు. 1989లో వెలువడిన దర్యాప్తు నివేదిక 31 సిఫార్సులు చేసింది. క్రాన్‌ఫీల్డ్ విద్యాసంస్థలో హెలెన్ మ్యూర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త మామూలు మనుషులను విమానంలో కూర్చోబెట్టి, ముందుగా బయటపడే సగం మందికి తలా ఐదు పౌండ్లు ఇస్తామని చెప్పి పరీక్షలు చేశారు. ఐదు పౌండ్ల కోసమే జనం సీట్ల మీద నుంచి ఎక్కి తొక్కుకుంటూ ఇరుకు దారిలో చిక్కుకుపోయారు. ప్రాణం కోసమైతే ఎలా ఉంటుందో ఆమె అలా లోకానికి చూపించారు. రెక్క మీది తలుపుల దగ్గర సీట్ల మధ్య ఎడం పెరిగింది. నేల మీద దారి చూపే దీపాలు, త్వరగా అంటుకోని సీటు తొడుగులు మామూలైపోయాయి. బోయింగ్ 737 తర్వాతి తరం విమానాల్లో ఆ తలుపును పైకి తెరుచుకునేలా మార్చారు. విమానంలో రెక్క దగ్గరి వరుసలో కాళ్లు చాపుకునేంత చోటు ఉంటుంది కదా, ఆ చోటు వెనక 55 మంది చావు ఉంది. ఇవాళ దాన్ని సౌకర్యంగా లెక్కగట్టి అదనపు ధరకు అమ్ముతున్నారు. కొన్నవారికి ఆ తలుపు తెరవడం వచ్చా రాదా అన్నది తర్వాతి సంగతి అయిపోయింది.

యంత్రం ఎప్పటికీ చెడిపోకూడదని నేను అడగడం లేదు. ఎంత జాగ్రత్తపడినా ఎక్కడో ఒకచోట చెడిపోతుంది. 2007 ఆగస్టు 20న జపానులోని నాహాలో చైనా ఎయిర్‌లైన్స్ విమానం దిగి, నిలిచే చోటికి చేరాక మంటల్లో కాలిపోయింది. రెక్కలో ఒక చిన్న వాషరు లేకపోవడంతో ఊడిన బోల్టు ఇంధన ట్యాంకుకు చిల్లు పెట్టింది. లోపల ఉన్న 165 మందీ బతికారు. 2016 అక్టోబరు 28న షికాగోలో అమెరికన్ ఎయిర్‌లైన్స్ విమానం టేకాఫ్ పరుగులో ఉండగా ఇంజనులోని చక్రం పగిలి, ఒక ముక్క దాదాపు 900 మీటర్ల దూరంలోని గోదాములో పడింది. 170 మందీ బయటపడ్డారు. కానీ అక్కడ కూడా ఒక ఇంజను ఇంకా తిరుగుతుండగానే జనం దిగడం మొదలుపెట్టారు, ఒకరు తీవ్రంగా గాయపడ్డారు. 2024 జనవరి 2న టోక్యోలోని హనేడాలో రన్‌వే మీద మరో విమానాన్ని ఢీకొన్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం నుంచి 379 మందీ ప్రాణాలతో వచ్చారు. అది యంత్రలోపం వల్ల జరిగినది కాదు. అయినా ఇక్కడ చెప్పడానికి కారణముంది. ఆ విమానంలో మైకు పనిచేయలేదు. సిబ్బంది గొంతెత్తి అరిచి చెప్పారు, చేతి మెగాఫోను వాడారు. ఎనిమిది తలుపుల్లో మూడే వాడగలిగారు. జనం సామాన్లు వదిలేసి, చెప్పినట్టు చేశారు.

అంటే చివరికి మిగిలేది మనిషి గొంతు ఒక్కటే. ఆ గొంతు ఏ భాషలో అరుస్తుందన్నదే నా ప్రశ్న.

ఈ విషయం మన దగ్గర ఒకసారి చర్చకు వచ్చింది. 2022 సెప్టెంబరులో విజయవాడ నుంచి హైదరాబాదు వస్తున్న విమానంలో, ఇంగ్లీషు, హిందీ రాని తెలుగు మహిళను అత్యవసర ద్వారం దగ్గరి 2ఏ సీటు నుంచి లేపి 3సీలో కూర్చోబెట్టారు. తోటి ప్రయాణికురాలు దాన్ని ట్విటర్‌లో రాశారు. అప్పటి తెలంగాణ మంత్రి కె.టి. రామారావు స్పందించి, స్థానిక భాషలు తెలిసిన సిబ్బందిని నియమించాలని కోరారు. అప్పుడు అందరూ దాన్ని ఆత్మగౌరవం విషయంగా మాట్లాడారు. గౌరవం విషయమే, కాదనను. కానీ నాకు అది అంతకన్నా ప్రాణం విషయం. సూచనలు అర్థం కాని మనిషిని ఆ తలుపు దగ్గర కూర్చోబెట్టకూడదన్న నియమం సరైనదే. రెండు తెలుగు నగరాల మధ్య తిరిగే విమానంలో ఆ సూచనను తెలుగులో చెప్పగలిగే ఏర్పాటు లేకపోవడమే తప్పు. పైగా ఆమెను ఒక వరుస వెనక్కి జరిపినంత మాత్రాన ఆమెకు ప్రమాదం తప్పదు కదా. సూచనలు 3సీలో కూర్చున్న మనిషికీ కావాలి, చివరి వరుసలో కూర్చున్న మనిషికీ కావాలి.

మన ఆర్టీసీ బస్సులో వెనక కిటికీ మీద "అత్యవసర ద్వారం" అని తెలుగులో రాసి ఉంటుంది. రైల్వే స్టేషనులో తెలుగులో చెబుతారు. విమానాశ్రయాల్లో కూడా ప్రకటనలు ముందుగా స్థానిక భాషలో ఉండాలని 2018లో ఆదేశాలిచ్చారు. విమానం తలుపు మూసుకోగానే ఆ భాష ఎందుకు ఆగిపోవాలి? కొన్ని విమానాల్లో తెలుగులో స్వాగతం పలకడం నేను విన్నాను, సంతోషించాను. ప్రాణం కాపాడే మాటలు వచ్చేసరికి మళ్లీ ఇంగ్లీషు, హిందీ మాత్రమే విన్నాను.

ఇక నా అభ్యర్థనలు. ఒక్కొక్కటి ఎందుకు అడుగుతున్నానో కూడా చెబుతాను.

1. శంషాబాద్, విశాఖపట్నం, గన్నవరం, తిరుపతి, రాజమహేంద్రవరం, కడప, ఇలా మన విమానాశ్రయాల్లో ఎక్కడి నుంచి లేచే విమానంలోనైనా, అక్కడికి వచ్చే విమానంలోనైనా భద్రతా సూచనలు తెలుగులో వినిపించాలి. విదేశీ సంస్థల విమానాలకు కూడా ఇది వర్తించాలి, ఎందుకంటే మా పిల్లల్లో సగం మంది వాటిలోనే వస్తారు. తెలుగు వచ్చిన సిబ్బంది దొరకలేదనడం కారణం కాదు. రికార్డు చేసిన గొంతు చాలు. ఒకసారి రికార్డు చేస్తే ఏళ్ల తరబడి పనికొస్తుంది.

2. ఈ దారుల్లో పనిచేసే సిబ్బందికి పట్టుమని పది తెలుగు మాటలు నేర్పించాలి. "కూర్చోండి", "లేవండి", "సామాన్లు వదలండి", "ఇటు రండి", "అటు వద్దు", "దూకండి", "వంగి నడవండి", "పరుగెత్తండి". మైకు పోయినప్పుడు, పొగలో మొహాలు కనబడనప్పుడు వాడవలసినవి ఈ మాటలే. పరాయి రాష్ట్రం అమ్మాయి అయినా ఒక పూటలో నేర్చుకోగలదు. నాలుగో తరగతి పిల్లలకు పాఠం చెప్పిన అనుభవంతో ఈ మాట అంటున్నాను.

3. రెక్క మీది తలుపు పక్కన కూర్చునేవారికి, డబ్బు కట్టి కొన్నా సరే, వారి భాషలో చెప్పి, అర్థమైందని వారి నోటితోనే చెప్పించుకోవాలి. తల ఊపితే సరిపోదు. మన పల్లెటూరి మనుషులు అర్థం కాకపోయినా మర్యాదకు తల ఊపుతారు. అన్ని విమానాల్లో ఆ తలుపు ఒకేలా ఉండదు. కొత్త 737లలో పైకి తెరుచుకుంటుంది. మన దేశంలో విరివిగా తిరిగే ఎ320లో ప్రయాణికుడే దాన్ని ఎత్తి బయటికి విసరాలి. కిటికీలోంచి చూసి బయట మంట ఉందా, ఇంజను తిరుగుతోందా అని తెలుసుకున్నాకే తెరవాలి. ఇవన్నీ ఒక్క తల ఊపులో ఇమడవు.

4. పాస్‌పోర్టు సంగతి. దీని మీద కొంచెం ఎక్కువ చెప్పాలి. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి వెళ్లిన ఎమిరేట్స్ విమానం దుబాయి రన్‌వే మీద కూలి మంటల్లో చిక్కుకుంది. 300 మందీ బయటపడ్డారు, అగ్నిమాపక ఉద్యోగి ఒకరు ప్రాణం ఇచ్చారు. జనం సామాన్ల కోసం వెతుక్కుంటున్న వీడియోను లోకమంతా చూసి తిట్టింది. కొన్ని నిమిషాలకే ఆ విమానంలో ఇంధన ట్యాంకు పేలింది. సామాను కోసం ఆగడం తప్పే. ఒక్కడు సంచి లాగుతూ నిలబడితే వెనక ఇరవై మంది దారి మూసుకుపోతుంది. కానీ ఆ సంచిలో ఏముందో తిట్టినవారికి తెలియదు. గల్ఫ్ కార్మికుడి సంచిలో పాస్‌పోర్టు, అకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు), సర్టిఫికెట్లు, మూడేళ్ల కష్టం ఉంటాయి. అవి పోతే ఉద్యోగం పోతుంది, ఏజెంటుకు కట్టిన అప్పు మిగులుతుంది. వాటిని వదలమని ఊరికే అరిస్తే వదలడు. అందుకని టేకాఫ్‌కు ముందే "పాస్‌పోర్టు, కాగితాలు ఒంటి మీదే ఉంచుకోండి" అని తెలుగులో చెప్పాలి. మెడలో వేసుకునే చిన్న గుడ్డ సంచి ప్రతి కార్మికుడికీ ఇవ్వవచ్చు, పెద్ద ఖర్చు కాదు. ప్రమాదంలో కాగితాలు పోయినవారికి ఖర్చు లేకుండా, తిప్పించుకోకుండా కొత్తవి ఇస్తామని ప్రభుత్వం రాతపూర్వకంగా ప్రకటించాలి. అప్పుడే వాడు సంచి వదిలి దూకుతాడు.

5. విదేశాలకు పనికి వెళ్లేవారికి ప్రభుత్వం ఇచ్చే ముందస్తు అవగాహన శిక్షణలో పావుగంట దీనికి కేటాయించాలి. బొమ్మలతో కాదు, నిజమైన సీటు బెల్టుతో, నిజమైన తలుపు నమూనాతో. భయంలో మనిషి చేతులు తమకు అలవాటైన పనే చేస్తాయి. కారు బెల్టు అలవాటైనవాడు విమానం బెల్టుకు బొత్తాం కోసం వెతుకుతాడు.

6. రన్‌వే మీద విమానం అర్ధాంతరంగా ఆగిన ప్రతిసారీ, ఏ భాగం చెడిపోయిందో, ఆ భాగం మీద అంతకుముందు ఏమైనా ఫిర్యాదు ఉందో ముప్పై రోజుల్లో ఆ విమానంలోని ప్రయాణికులకు తెలియజేయాలి. "సాంకేతిక లోపం" అనేది జవాబు కాదు. మాంచెస్టర్ ఇంజను గురించి లాగ్‌బుక్కులో ముందే రాసి ఉందని ఇవాళ జగిత్యాలలో కూర్చుని నేను తెలుసుకోగలుగుతున్నాను. నేను స్వయంగా కూర్చున్న విమానానికి ఏమైందో మాత్రం తెలుసుకోలేకపోతున్నాను.

7. సగం తలుపులే వాడి తొంభై సెకన్లలో అందరూ బయటపడగలరని చూపించాకే కొత్త రకం విమానానికి అనుమతి ఇస్తారని చదివాను. ఇంగ్లీషు, హిందీ రానివారిని కూర్చోబెట్టి మన దేశంలో ఒక్కసారి ఆ పరీక్ష చేయించండి. మా ఊరి నుంచి రమ్మంటే వందమందిని నేనే తీసుకొస్తాను.

మంత్రి గారూ, మీరు శ్రీకాకుళం మనిషి. వలస వెళ్లే కుటుంబాల కష్టం మీకు నేను కొత్తగా చెప్పనవసరం లేదు. పై వాటిలో మొదటి రెండింటికి కొత్త చట్టం అక్కరలేదనుకుంటాను. ఒక ఉత్తర్వు సరిపోతుంది. రెండు నెలల్లో ఏదో ఒక జవాబు ఇవ్వండి. ఇది కుదరదు అన్నా సరే, ఎందుకు కుదరదో చెప్పండి. జవాబు రాకపోతే మా జిల్లాలో గల్ఫ్ కుటుంబాలతో సంతకాలు చేయించి మళ్లీ రాస్తాను.

తెలుగులో ఎలా చెప్పాలో తెలియదన్న మాట రాకుండా, ఒక నమూనా నేనే రాసి జతచేస్తున్నాను. పండితుల తెలుగు కాకుండా మా ఊళ్లో అందరికీ అర్థమయ్యేలా రాశాను. నిదానంగా చదివి గడియారం చూసుకున్నాను. నిమిషంన్నర లోపే అయిపోయింది. ఎవరైనా వాడుకోవచ్చు, నా అనుమతి అక్కరలేదు.

"అమ్మా, అయ్యా, ఒక్క నిమిషం వినండి. సీటు బెల్టు మీద ఇనుప మూత ఉంది. దాన్ని పైకి ఎత్తితే బెల్టు ఊడుతుంది. ఇప్పుడే ఒకసారి తీసి, మళ్లీ పెట్టుకోండి. మీకు దగ్గరి తలుపు ఎక్కడుందో చూడండి. అది వెనక కూడా ఉండవచ్చు. అక్కడి దాకా ఎన్ని సీట్లున్నాయో లెక్కపెట్టుకోండి. పొగ కమ్మితే తడుముకుంటూ వెళ్లడానికి ఆ లెక్క పనికొస్తుంది. పాస్‌పోర్టు, కాగితాలు జేబులోనో మెడలోనో ఉంచుకోండి. విమానం ఆగిపోతే మేము చెప్పేదాకా లేవకండి. లేవమంటే సామాన్లన్నీ వదిలేసి రండి. పొగ ఉంటే వంగి, నేల మీది దీపాల వెంట నడవండి. రెక్క దగ్గర కూర్చున్నవారు, కిటికీలోంచి మంట కనిపిస్తే ఆ తలుపు తెరవకండి. జారుడుబల్ల దగ్గర ఆగకండి, చేతులు గుండెల మీద పెట్టుకుని దూకండి. కిందికి రాగానే విమానానికి దూరంగా పరుగెత్తండి. అర్థం కానిది ఏదైనా ఉంటే ఇప్పుడే మమ్మల్ని అడగండి."

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయురాలు,
జగిత్యాల జిల్లా